లమ్యై వెనకకాలు

ప్రే అనే ఊళ్లో చాలామందికి బువాలై ముఖం కంటే ఆమె చేతులే బాగా తెలుసు. ఆమె దగ్గరికి వచ్చినవాళ్లు వచ్చీ రాగానే పరుపు మీద బోర్లా పడుకుంటారు మరి. పొద్దుటి సంత ఎత్తేశాక, సంత వెనకున్న టేకు అరుగు మీద ఆమె, పికున్ అనే ఇంకో ఆవిడ కలిసి ఒళ్లు పట్టే పని చేస్తారు. బువాలైకి యాభై రెండేళ్లు. పదిహేనో ఏట తల్లి దగ్గర నేర్చుకున్న పని. సిమెంటు మూటలు మోసేవాళ్లు, వరి కోసి నడుం పట్టేసినవాళ్లు, కుట్టుమిషను ముందు మెడ బిగుసుకుపోయిన ఆడవాళ్లు, అందరూ ఆ అరుగు ఎక్కి దిగినవాళ్లే.

పని నేర్పేటప్పుడు తల్లి మూడు మాటలు చెప్పింది. ఒంటి మీద చెయ్యి వేసే ముందు, ఈ విద్యకి మూలపురుషుడైన జీవక గురువుకి దణ్ణం పెట్టుకో. దణ్ణం పెట్టుకున్నాక అడుగు: ఎక్కడ నొప్పి, ఎప్పటినుంచి, ఎప్పుడైనా ఎముక విరిగిందా, గుండె జబ్బు ఏమైనా ఉందా. మూడోది, చప్పుడు కోసం లాగకు.

మొదటి రెండూ బువాలై ముప్పై ఏడేళ్లలో ఒక్క రోజు తప్పలేదు. మూడో మాట మాత్రం మెల్లమెల్లగా సడలింది. ఆ సడలడంలో వచ్చినవాళ్ల పాత్ర కూడా ఉంది. కాలు పట్టి పైకెత్తి, తొడ సాగదీసి, చివర్లో ఒక్క విసురు విసిరితే కీలు టక్కుమంటుంది. ఆ టక్కుమనడంతో వాళ్ల ముఖాలు విప్పారతాయి. "అబ్బ! పోయింది పట్టు" అంటారు. చప్పుడు రాకపోతే లేచి కూర్చుని, ఏదో మిగిలిపోయినట్టు అటూ ఇటూ కదిలి చూసుకుంటారు. చప్పుడు రప్పించడంలో బువాలైని మించినవాళ్లు ఆ సంతలో లేరు.

"మా అక్క చేతిలో పడితే శవం కూడా టక్కుమని లేచి కూర్చుంటుంది" అనేది పికున్.

"నువ్వు పోయినప్పుడు చూద్దాంలేవే" అనేది బువాలై. పైకి విసుక్కునేది కానీ ఆ మాట ఆమెకి ఇష్టమే.

బువాలై ఇంటికి ఎదురిల్లు ఇన్‌సోన్‌ది. డెబ్భై నాలుగేళ్ల మనిషి. టేకు చెక్క మీద ఏనుగులూ, తీగలూ చెక్కి బతికాడు. భార్య పోయి తొమ్మిదేళ్లయింది. ఇంట్లో ఆయనా, లమ్యై. లమ్యై ఆడకుక్క. లమ్యై అనే పండు తిని పారేసిన గింజలాగా నల్లటి గోధుమరంగులో నిగనిగలాడేది కాబట్టి ఆ పేరు పెట్టాడు. పదకొండేళ్లు వచ్చేసరికి ఆ నిగనిగ పోయి, మూతి చుట్టూ బూడిద పూసినట్టయింది.

తెల్లవారుతూనే భిక్షువులు వరసగా వీధిలోకి వచ్చే వేళకి ఇన్‌సోన్ గుమ్మం ముందు చాప వేసుకుని, అన్నం బుట్ట పట్టుకుని మోకాళ్ల మీద కూర్చునేవాడు. పక్కనే లమ్యై. భిక్షువులు పాత్రలో అన్నం పెట్టించుకుని దీవెనలు చదివేటప్పుడు ఆయన తల వంచితే, లమ్యై కాళ్లు ముడుచుకుని గడ్డం నేలకి ఆనించేది. ఎవరూ నేర్పలేదు దానికి. ఎదురింటి గుమ్మంలో తన అన్నం బుట్టతో కూర్చుని బువాలై ఇది రోజూ చూసేది. ఆ చలికాలం మొదలయ్యాక ఇంకోటి కూడా చూసింది. దీవెనలు అయ్యాక లమ్యై లేవడానికి కష్టపడుతోంది. ముందుకాళ్లు లేపి, కాసేపు ఆలోచించుకుని, అప్పుడు వెనకకాళ్లు లేపేది. కుడి వెనకకాలు అన్నిటికంటే ఆఖర్న.

"తుంటి పట్టేసింది పెదనాన్నా దానికి" అంది ఒక రోజు.

"నాకూ పట్టేసిందమ్మాయ్. ఇద్దరం ఒక ఈడువాళ్లం" అన్నాడు ఇన్‌సోన్.

ఆయన ఆమెని అమ్మాయ్ అనే పిలిచేవాడు. ఆ వీధిలో యాభై రెండేళ్ల మనిషిని అమ్మాయ్ అనేవాళ్లు ఇంకెవరూ మిగల్లేదు.

ఆ మాసంలోనే ఆయన కంటి శుక్లం తీయించుకోవడానికి చియాంగ్‌మైలో ఉన్న మేనకోడలి దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది. అయిదు రోజుల పని. బస్సు ఎక్కే ముందు లమ్యైని తాడు కట్టకుండానే వీధి దాటించి తీసుకొచ్చాడు.

"నీ చేతుల్లో పెట్టి పోతున్నా అమ్మాయ్. అన్నంలో కారం తగలనీయకు. రాత్రి నా పాత చొక్కా మీద పడుకుంటుంది, ఇదిగో" అని నీలిరంగు చొక్కా ఒకటి ఇచ్చి వెళ్లాడు.

మూడో రోజు మధ్యాహ్నం. అరుగు మీద పని లేదు. లమ్యై బువాలై ఇంటి ముందు ఎండలో పక్కకి ఒరిగి పడుకుంది. దాన్ని చూస్తూ బువాలైకి ఒక ముచ్చట పుట్టింది. పెదనాన్న కట్టు విప్పుకుని వచ్చేసరికి ఇది గెంతుకుంటూ ఎదురెళ్లాలి. ఎన్ని తుంటులు సరిచేసిన చేతులు ఇవి! ఇదెంత?

దాని పక్కన కూర్చుంది. దణ్ణం పెట్టుకోలేదు. కుక్కకి దణ్ణం ఏమిటని ఆలోచించి మానేసిందీ కాదు, అసలు ఆ ఊహే రాలేదు. అడగాల్సిన నాలుగు మాటలూ అడగలేదు. కుక్కని ఏమడుగుతారు ఎవరైనా? కాసేపు తొడ రుద్దింది. లమ్యై నాలుకతో మూతి తడుపుకుంది. బువాలై కుడికాలు పట్టుకుని వెనక్కి సాగదీసింది. లమ్యై తల తిప్పి ఆమె చేతివంక చూసింది. "హాయిగా ఉందా తల్లీ?" అంది బువాలై. కండ బిగిసి అడ్డం పడింది. మనుషుల తొడ కూడా మొదట్లో అలాగే బిగుస్తుంది, దాన్ని దాటించాలి. దాటించింది. కాస్త పక్కకి తిప్పి, అలవాటు కొద్దీ చివర్లో ఆ ఒక్క విసురూ విసిరింది.

చప్పుడు వచ్చింది. చప్పుడు వెంటనే లమ్యై అరుపు వచ్చింది. పదకొండేళ్లలో అది అలా అరవడం ఆ వీధి వినలేదు. మూడు కాళ్ల మీద లేచి, ఇన్‌సోన్ ఇంటి మూసిన తలుపు దగ్గరికి పోయి, దానికి ఆనుకుని కూలబడింది.

బువాలై చేతులు అలా గాలిలోనే ఉండిపోయాయి.

సాయంత్రం అయినా లమ్యై కుడికాలు నేల మీద మోపలేదు. ఆమె వేడినీళ్ల గుడ్డ కాపడం పెట్టబోతే గుర్రుమంది. అన్నం ముట్టలేదు. పికున్ వచ్చి చూసింది.

"ఏమైందక్కా దీనికి?"

"ఏమో. ముసలిది కదా" అంది బువాలై. ఆ మాట నోట్లోంచి అంత తేలిగ్గా వచ్చినందుకు తనకే ఆశ్చర్యం వేసింది.

అయిదో రోజు ఇన్‌సోన్ ఒక కంటికి కట్టుతో దిగాడు. చేతిలో బువాలై కోసం కాల్చిన పచ్చిమిరప తొక్కు, పంది చర్మం వేపుళ్ల పొట్లం. లమ్యై కుంటుకుంటూ వచ్చి ఆయన కాళ్ల దగ్గర కూలబడింది. ఆయన వంగి, రెండో కన్ను చికిలించి చూశాడు.

"కాలు మోపట్లేదేం?"

బువాలై నోరు తెరిచింది. చెప్పడానికే తెరిచింది. ఇంతలో ఆయనే, "ముసలితనం. నేను లేనని బెంగ కూడా పెట్టుకుని ఉంటుంది పిచ్చిది. పాపం నీకు ఎంత శ్రమ ఇచ్చిందో అమ్మాయ్" అని పొట్లం ఆమె చేతిలో పెట్టాడు. ఆమె తెరిచిన నోరు మూసుకుంది. ఆ వేపుళ్లు మూడు రోజులు గూట్లోనే ఉండి మెత్తబడిపోయాయి. తినలేకపోయింది, పారేయలేకపోయింది.

మర్నాడు ఆయన లమ్యైని బండి తొట్టిలో కూర్చోబెట్టుకుని పశువుల డాక్టరు దగ్గరికి బయల్దేరాడు. కట్టు కంటితో ఒక్కడూ పోలేడని బువాలై వెంట వెళ్లింది. డాక్టరు చిన్నపిల్ల, ముప్పై కూడా లేవు. లమ్యై తుంటి మీద చెయ్యి పెట్టబోతే అది పళ్లు చూపించింది. మూతికి గుడ్డ కట్టి చూసింది.

"ఈ కుంటడం మెల్లగా పెరుగుతూ వచ్చిందా తాతా, ఉన్నట్టుండి ఒక్క రోజులో వచ్చిందా?"

"నేను ఊళ్లో లేనమ్మా. ఇదిగో, ఈ అమ్మాయి చూసుకుంది. చెప్పమ్మాయ్."

ఇద్దరూ ఆమె వంక చూశారు. బల్ల మీంచి లమ్యై కూడా చూసింది.

"మెల్లగానే" అంది బువాలై. "చలి మొదలైనప్పటి నుంచీ ఉంది."

అబద్ధంలో సగం నిజం ఉంది కాబట్టి అది గొంతు దాటి వచ్చేసింది. డాక్టరమ్మ తల ఊపి, కీళ్ల అరుగుదల అయి ఉంటుందని, బిగుసుకుపోకుండా పొద్దునా సాయంత్రం కాసేపు నడిపించమని, మాత్రలు ఇచ్చి పంపింది. వారం తర్వాత మళ్లీ తీసుకురమ్మంది.

ఇన్‌సోన్ చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. ఉలి పట్టినా అంతే, మాత్ర వేసినా అంతే. పొద్దునా సాయంత్రం లమ్యై మెడకి తువ్వాలు చుట్టి పట్టుకుని, వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి నడిపించేవాడు. అది మూడు కాళ్ల మీద గెంతేది. మధ్యలో ఆగిపోయేది. "ఇంకొంచెం తల్లీ, డాక్టరమ్మ చెప్పింది కదా, ఇంకొంచెం" అని బతిమాలేవాడు. ఆయన మీద ప్రేమ కొద్దీ అది ఆ కాలు మోపేది. మోపి వణికేది.

కిటికీలోంచి చూస్తూ బువాలై మనసులో అడుగులు లెక్కపెట్టేది. అవన్నీ తను నడిపిస్తున్న అడుగులే. అరుగు మీద పని సాగలేదు. ఒకరి తొడ పట్టుకోగానే వేళ్ల కింద ఆ బిగువు గుర్తొచ్చేది. విసరాల్సిన చోట చేతులు వదులైపోయేవి.

"ఏంటమ్మా, చప్పుడు రాలేదు?" అన్నాడు సిమెంటు మూటలవాడు.

"రాదు" అంది.

"అక్కకి ఏదో పట్టింది. గాలో ధూళో" అంది పికున్.

అలా నడిపించడం మొదలుపెట్టిన ఆరో రోజు, తెల్లవారే వేళ. ఆ ముందురోజే ఇన్‌సోన్ కట్టు విప్పారు. చలికి వీధంతా పొగమంచు. భిక్షువులు నలుగురు వచ్చి ఆయన ముందు నిలబడ్డారు. అన్నం పెట్టి ఆయన తల వంచాడు. పక్కన లమ్యై రోజూలాగే కాళ్లు ముడుచుకోబోయింది. కుడికాలు ముడుచుకోలేదు. ఒక పక్కకి ఒరిగి ధబ్బున పడి, కుయ్యిమంది. పెద్ద భిక్షువు దీవెన చదువుతూ చదువుతూ ఒక్క క్షణం ఆగి, మళ్లీ అందుకున్నాడు. పడ్డ చోటునుంచే లమ్యై గడ్డం నేలకి ఆనించింది.

దీవెనలు అయ్యాక ఇన్‌సోన్ చిన్న చెంబుతో నీళ్లు చెట్టు మొదట్లో వదిలాడు. వచ్చిన పుణ్యం పోయినవాళ్లకి చేరాలని వదిలే నీళ్లు. తొమ్మిదేళ్లుగా అవి ఆయన భార్యవి. బువాలై వీధి దాటి దగ్గరికి వెళ్లింది.

"కట్టు విప్పాక అన్నీ ఎంత తేటగా కనిపిస్తున్నాయో అమ్మాయ్" అన్నాడు ఆయన, వెనక్కి తిరగకుండానే. "ముందు దీని ముఖం చూద్దామనుకున్నా. చూస్తే ఆ కాలే కనిపించింది. ఇవాళ నీళ్లు మా ఆవిడకి వదల్లేదు. దీనికి వదిలా. బతికున్నదానికి వదలచ్చో లేదో నాకు తెలీదు. నా కన్ను కోసం దీన్ని వదిలేసి పోయా, అందుకే దీనికి ఇలా అయింది, ఆ పాపం నాది అని చెప్పుకున్నా."

బువాలై చాప మీద కూలబడింది.

"నీది కాదు పెదనాన్నా. నాది. నేనే దాని కాలు లాగాను."

ఆయన తిరిగి చూశాడు.

"తుంటి సరిచేద్దామని లాగాను. అరుగు మీద మనుషులకి లాగినట్టు. టక్కుమంది. అప్పటిదాకా మోపుతూనే ఉంది. ఆ మధ్యాహ్నం నుంచే మోపడం మానేసింది."

ఇన్‌సోన్ చెంబు బోర్లించి చాప అంచున పెట్టాడు. తర్వాత ఆమె ఎదురుగా కూర్చుని కుడిచెయ్యి చాచాడు.

"ఎంత లాగావో చూపించు."

"పెదనాన్నా..."

"చూపించమంటున్నా కదా."

ఆమె ఆయన చెయ్యి పట్టుకుని కొంచెం లాగింది.

"ఇంతేనా?"

"ఇంకా."

"అయితే ఇంకా లాగు."

లాగింది. ఆయన ముఖం ముడతలు పడింది. ఆమె వదిలేసింది.

"నేను దానికి నాలుగింతలు బరువు ఉంటా" అన్నాడు చెయ్యి రుద్దుకుంటూ. కాసేపటికి, "లాగినందుకు నిన్నేమీ అనను. బాగవ్వాలనే లాగావు. కానీ డాక్టరమ్మ అడిగింది కదా. నీ ముఖం చూసే అడిగింది కదా. అయిదు రోజులు పొద్దునా సాయంత్రం నా చేత దాన్ని నడిపించావు. కిటికీలోంచి చూశావు కూడా. నీ నీడ కనిపించేది నాకు, ఒంటికన్నుతోనైనా."

ఏడిస్తే అది కూడా ఏదో అడుక్కున్నట్టు ఉంటుందని ఆమె ఏడవలేదు.

"పద. అక్కడికొచ్చి నీ నోటితో చెప్పు, బువాలై" అన్నాడు ఆయన.

బువాలై అన్నాడు. అమ్మాయ్ అనలేదు.

డాక్టరమ్మ అంతా విని కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. మళ్లీ మూతి కట్టి, ఈసారి తొడ వెనక వైపు వేళ్లతో వెతికి, ఒక చోట ఆగింది. కండ చిరిగిందని, నడకతో అది ఇంకా రేగిందని చెప్పింది. కాలు పోతుందా అని ఇన్‌సోన్ అడిగితే, ఇప్పుడైనా ఆపాం కాబట్టి పోకపోవచ్చు అంది. నెల రోజులు నడకలు వద్దు, మెట్లు వద్దు, ఎవరూ కాలు సాగదీయొద్దు. నెలయ్యాక మెల్లగా సాగదీయడం తప్పకుండా చెయ్యాలి, లేకపోతే అలాగే బిగిసిపోతుంది.

"అది చెయ్యడానికి మీలాంటి చెయ్యే కావాలి పెద్దమ్మా. కాకపోతే సగం నేర్చుకున్నది మర్చిపోవాలి" అని లమ్యై ఎడమకాలు మీద చూపించింది. ముందు వెచ్చని తడిగుడ్డ వేసి కండ మెత్తబడనివ్వాలి. పక్కకి పడుకోబెట్టి, ఒక చెయ్యి మోకాలి కిందా, ఒక చెయ్యి తొడ కిందా ఆసరా ఇవ్వాలి. అది నడిచేటప్పుడు కాలు ఎటు పోతుందో అటే, ముందుకీ వెనక్కీ. పక్కకి వద్దు, మెలి వద్దు. అడ్డం తగిలిన చోటే ఆగాలి, దాటించకూడదు. ఆగి, పది ఊపిర్లు పట్టుకుని, మెల్లగా వదిలెయ్యాలి. చప్పుడు అసలు రాకూడదు.

"మనుషులు చాలు అంటారు. ఇది అనదు. నాలుకతో మూతి తడుపుకుందనుకోండి, తల తిప్పి మీ చెయ్యివంక చూసిందనుకోండి, ఊపిరి బిగబట్టిందనుకోండి, చాలు అన్నట్టే."

బువాలైకి ఆ మధ్యాహ్నం కళ్లముందు నిలిచింది. మూతి తడుపుకుంది. తల తిప్పి చూసింది. రెండుసార్లు చాలంది. హాయిగా ఉందా తల్లీ అని తను అడిగింది.

ఆ నెలంతా ఇన్‌సోన్ ఆమెతో మాట్లాడకుండా లేడు. పలకరిస్తే పలికేవాడు. "తిన్నావా బువాలై" అనేవాడు. బెల్లం వేసిన అన్నం వండి తీసుకెళ్తే గిన్నె తీసుకునేవాడు, మర్నాడు కడిగి తిరిగి ఇచ్చేవాడు. గిన్నెలో ఏమీ వేయకుండా ఇచ్చేవాడు. ఇంతకుముందు ఆ ఇంటి నుంచి గిన్నె ఎప్పుడూ ఖాళీగా రాలేదు.

నెల దాటాక ఒక పొద్దున ఆయనే అరుగు దగ్గరికి వచ్చాడు.

"వేడిగుడ్డ వేశా. కాలు పట్టుకుంటే నా వేళ్లు ఉలి పట్టినట్టే పట్టుకుంటున్నాయి. నువ్వు రా. నేను తల దగ్గర కూర్చుంటా."

పికున్ కూడా వెంట వచ్చింది, చూడ్డానికి. లమ్యై నీలి చొక్కా మీద పడుకుని ఉంది. బువాలై రావడం చూసి లేవబోయింది. ఇన్‌సోన్ దాని చెవుల మధ్య చెయ్యి వేశాడు. బువాలై ఒక మూర దూరంలో ఆగి కూర్చుంది. కళ్లు మూసుకుని చేతులు జోడించింది.

"అయ్యో అక్కా! కుక్కకి దణ్ణమా!" పికున్ పకపకా నవ్వింది. "ఇంకేం, బీపీ ఉందేమో కూడా అడుగు."

బువాలై నవ్వలేదు. జోడించిన చేతులు అలాగే ఉంచి, "ఎక్కడ నొప్పి?" అంది, కళ్లు తెరిచి లమ్యైనే చూస్తూ.

"ఇప్పుడా అడిగేది" అన్నాడు ఇన్‌సోన్.

పికున్ నవ్వు ఆగిపోయింది.

బువాలై చెయ్యి కిందకి దించి, వాసన చూసుకోవడానికి దాని మూతి ముందు ఉంచింది. లమ్యై చాలాసేపు వాసన చూసింది. ముఖం పక్కకి తిప్పుకుంది కానీ లేచిపోలేదు. ఆమె ఒక చెయ్యి మోకాలి కిందకి, ఒక చెయ్యి తొడ కిందకి పోనిచ్చింది. కాలు బరువు అరచేతిలోకి దిగేదాకా ఏమీ చెయ్యలేదు. తర్వాత వెనక్కి, ఒక అంగుళం. అంతలోనే వేళ్లకి ఆ అడ్డం తగిలింది. ఈ అడ్డాన్ని జన్మంతా ఆమె శత్రువుగా చూసింది. అక్కడే ఆగింది.

ఊపిర్లు లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు. నాలుగో ఊపిరికి లమ్యై మూతి తడుపుకుంది.

బువాలై కాలు తెచ్చి చొక్కా మీద పెట్టి, చేతులు తీసేసింది.

"అంతేనా? పది అంది కదా డాక్టరమ్మ" అన్నాడు ఇన్‌సోన్.

"అంతే పెదనాన్నా. అది చాలంది."

ఆయన కొత్త కంటితో ఆమె చేతులవంక చూశాడు. లమ్యై నెమ్మదిగా లేచింది. ముందుకాళ్లు, కాసేపు ఆలోచన, వెనకకాళ్లు, ఆఖర్న కుడికాలు. వేళ్ల కొసలు నేలకి తగిలించి, ఆమెకి దూరంగా వెళ్లి గడప అవతల పడుకుంది.

బువాలై గుడ్డ పిండి దండెం మీద ఆరేసి వెళ్లబోతుంటే వెనకనుంచి ఆయన గొంతు వినిపించింది.

"రేపు ఎండ రాకముందే వచ్చెయ్. ఎండ ఎక్కితే దానికి చిరాకు."

అమ్మాయ్ అనీ, బువాలై అనీ, ఏ పిలుపూ చేర్చకుండానే అన్నాడు. ఆమె తల ఊపి వీధి దాటింది. ఇంట్లోకి వెళ్లాక కిటికీ దగ్గర నిలబడబోయి, మానేసి, వచ్చి గుమ్మంలోనే కూర్చుంది. అక్కడైతే తను చూస్తున్నట్టు వాళ్లకీ కనపడుతుంది.